పెంకుటింటి అటకను గది చేయవచ్చా? ముందు చూడాల్సింది దూలం

ఒడిశాలోని మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం పాత వీధుల్లో పెంకుటిల్లు ఉన్నవాళ్ళింట్లో పిల్ల పదో తరగతికి వచ్చిందంటే ఈ మాట ఒకరోజు వచ్చి తీరుతుంది. "పైన అటకంతా ఖాళీగానే పడుంది కదా, చెక్కలు పరిపించి మెట్లు పెట్టిస్తే దానికో గది అయిపోతుంది."

ఆ ఆలోచన రావడంలో వింత లేదు. మన ఇళ్ళ తీరే అలాంటిది. వీధి అరుగు దగ్గర మొదలై పెరటి నుయ్యి దాకా పొడుగ్గా పోతాయి, వెడల్పు మాత్రం పన్నెండు పధ్నాలుగు అడుగులు దాటదు. అటు గోడా ఇటు గోడా పక్కింటివాళ్ళతో ఉమ్మడి. పక్కకు జరగడానికి చోటు లేదు. పెరట్లో ఉన్న కాస్త జాగానూ నుయ్యి, బాత్రూమ్, మొక్కలు తినేశాయి. ఇక మిగిలింది పైనే. పెంకు దింపి మిద్దె వేయాలంటే పెద్ద ఖర్చు, ఆ ఆరు నెలలూ అద్దెకు పోవాలి. అటక అయితే ఇప్పటికే ఉంది, కప్పు ఉంది, కావలసింది నేల, మెట్లు, కిటికీ. వినడానికి తేలికగా ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన వైపు పెంకుటిళ్ళలో ఎక్కువ వాటికి అటక గదిగా పనికిరాదు. కొన్నిటికి పనికొస్తుంది, అక్కడ చక్కగా పనికొస్తుంది. ఏ ఇల్లు ఏ లెక్కలోకి వస్తుందో తేల్చేది మీ అవసరమూ కాదు, చేతిలో ఉన్న డబ్బూ కాదు. అటక ఎత్తు, దాని కింద దూలం ఇప్పటికే మోస్తున్న బరువు. ఈ రెండూ తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. కానీ చాలామంది ఇవి వదిలేసి మేస్త్రితో రేటు మాట్లాడటం నుంచి మొదలుపెడతారు. అక్కడే చిక్కు.

టేపు పట్టుకుని పైకెక్కండి

ఎత్తు సంగతి త్వరగా తేలిపోతుంది. అటక మధ్యన నిలబడితే తల తగలడం లేదు కదా అని చాలామంది సంతృప్తి పడతారు. తల తగలని చోటు ఎంత వెడల్పు ఉందన్నది అసలు ప్రశ్న.

ఒక లెక్క చూద్దాం. వీధి వైపు గోడకూ వెనక గోడకూ మధ్య 16 అడుగులు, కప్పు వాలు 30 డిగ్రీలు అనుకుందాం. కప్పు నడినెత్తిన పొడుగునా పోయే వెన్నుగాడి, గోడ తల కంటే సుమారు నాలుగున్నర అడుగులు పైన ఉంటుంది. అటక నేల నుంచి గోడ తల దాకా ఇంకో రెండడుగులు ఉందనుకుంటే, నడిమధ్యన మొత్తం ఆరున్నర అడుగులు. ఆరడుగుల మనిషి తల వంచకుండా నడిచే పట్టీ వెడల్పు ఎంతో తెలుసా? రెండడుగులు. అందులోంచి కొత్త నేల మందం నాలుగంగుళాలు, కింద కొట్టే సీలింగ్ మందం మూడంగుళాలు తీసేస్తే ఆ రెండడుగులు కూడా ఉండవు. అది గది కాదు, పాకుతూ తిరిగే చోటు.

అదే గోడల మధ్య దూరం 20 అడుగులు, వాలు 35 డిగ్రీలు, అటక నేల మీద గోడ మూడడుగులు ఉంటే లెక్క మారిపోతుంది. నడిమధ్యన పదడుగుల ఎత్తు వస్తుంది. ఆరడుగుల ఎత్తు దొరికే పట్టీ పదకొండు అడుగులు దాటుతుంది. సీలింగు, నేల తీసేసినా దర్జాగా తిరగవచ్చు. పర్లాకిమిడిలో ఎత్తు గోడల పాత ఇళ్ళు కొన్ని ఇలా ఉంటాయి. అలాంటి ఇల్లు మీదైతే ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. పైన చెప్పిన మొదటి రకమైతే, నిజం చెప్పాలంటే, మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే వచ్చేసింది.

జాతీయ భవన నిర్మాణ నియమావళి, అంటే నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, మనిషి నివసించే గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు కావాలంటుంది. అది తొమ్మిది అడుగులు. వాలు కప్పు ఉన్న గదికి సగటు ఎత్తు అంత ఉండాలి. పైన చెప్పిన రెండో ఇంటి సగటు కూడా ఆరున్నర అడుగులే. అంటే చాలా అటకలు, ఎంత బాగు చేసినా, కాగితాల మీద గది కాలేవు. గదిలో కొంత భాగం మీద వేసే మధ్య అంతస్తుకు, అంటే మెజనైన్‌కు, 2.2 మీటర్ల ఎత్తు చాలంటుంది కోడ్. కానీ దాని మొత్తం విస్తీర్ణం ఇంటి విస్తీర్ణంలో మూడో వంతు దాటకూడదు. అటక గురించి ఆలోచించేవాళ్ళకు ఈ రెండో దారే కొంచెం దగ్గర.

దూలం ఇప్పటికే ఏం మోస్తోంది?

అసలు విషయం ఇది. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం.

మన పెంకుటిళ్ళ కప్పు మూడు రకాలుగా నిలబడుతుంది. కింద నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. పని మాత్రం వేరు.

మొదటి రకంలో వెన్నుగాడి రెండు ఉమ్మడి గోడల మీదే నేరుగా కూర్చుంటుంది. గోడలు మధ్యలో ముక్కోణంగా పైకి లేచి దాన్ని అందుకుంటాయి. ఇల్లు సన్నగా ఉంటే ఇదే ఎక్కువ. ఇక్కడ అటక దూలాలకు పైకప్పుతో సంబంధం లేదు, అవి అటకను మాత్రమే మోస్తాయి. ముగ్గురిలో అదృష్టవంతులు వీళ్ళే.

రెండో రకంలో ఇల్లు వెడల్పు. ఒక లావుపాటి దూలం గోడ నుంచి గోడకు వేసి, దాని నడిమధ్యన ఒక పొట్టి గుంజ నిలబెట్టి, ఆ గుంజ నెత్తిన వెన్నుగాడిని పెడతారు. కప్పు బరువులో దాదాపు సగం వెన్నుగాడి మీదకు, అక్కడి నుంచి గుంజ మీదకు, గుంజ నుంచి దూలం నడుము మీదకు దిగుతుంది. కట్టెకు నడుము దగ్గర పడే బరువే అన్నిటికన్నా కష్టం. అంటే ఆ దూలం ఇప్పటికే తన పని తాను నిండుగా చేస్తోంది. దాని మీదే మళ్ళీ నేల, మంచం, మనుషులు అంటే రెండో కాపురం పెట్టినట్టు.

మూడోది పాత బంగళాల్లో, దొరల కాలపు ఆఫీసుల్లో, కలిగినవాళ్ళ ఇళ్ళలో కనిపిస్తుంది. ఇదీ దూలం, మధ్యలో గుంజే. కానీ గుంజ అడుగున దూలాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీ ఉంటుంది, గుంజ అడుగు నుంచి అటూ ఇటూ వాసాల వైపు ఏటవాలు కట్టెలు పోతాయి. ఇందులో గుంజ దూలాన్ని కిందికి నొక్కడం లేదు, పైకి లాగి పట్టుకుంది. కింది దూలమేమో వాసాలు గోడలను బయటికి తోసేయకుండా రెండు చివరలనూ కలిపి బిగించి ఉంచింది. అటు తిరగడానికి అడ్డంగా ఉందని ఆ దూలాన్ని కోశారా, వానాకాలం వచ్చేసరికి గోడ తల బయటికి వాలడం మొదలవుతుంది. రెండో రకంలో గుంజ కోస్తే కప్పు అప్పుడే కూర్చుంటుంది. గుంజైనా దూలమైనా, ఏ రకంలోనైనా, ఇంజనీరు వచ్చి వేరే ఆధారం పెట్టించకుండా ముట్టుకోకూడదు. "ఇదొక్కటి తీసేస్తే చోటు బాగా వస్తుంది సార్" అని ఏ వడ్రంగి అన్నా ఒప్పుకోకండి.

ఇప్పుడు బరువు. ఇళ్ళలో నివాసపు గదుల నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోసేలా ఉండాలని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడుగు గది అంటే 11 చదరపు మీటర్లు. లెక్క 2,200 కిలోలకు వస్తుంది. దానికి కొత్త నేల బరువు కలపాలి. పోలిక కోసం, మంగళూరు పెంకు కప్పు, పెంకు కూర్చునే సన్న కట్టెలు అంటే రీపర్లతో సహా, చదరపు మీటరుకు 65 కిలోల చొప్పున పడుతుంది. ఆ గది మీద ఉన్న మొత్తం పెంకు బరువు తొమ్మిది వందల కిలోల లోపే. రెండు వరసల నాటు పెంకైతే దాదాపు రెట్టింపు. అంటే ఇన్నేళ్ళుగా ఆ ఇల్లు నెత్తిన మోసినదాని కన్నా ఎక్కువ బరువును ఇప్పుడు నడుము మీద పెట్టబోతున్నారు.

ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. "మా నాన్నగారి రోజుల్లో ఇదే అటక మీద ముప్పై బస్తాల ధాన్యం పోసేవాళ్ళం, నలుగురు పిల్లలు పడుకుంటే విరుగుతుందా?" ఈ మాటను కొట్టిపారేయకూడదు. డెబ్బై అయిదు కిలోల ముప్పై బస్తాలంటే 2,250 కిలోలు, పైన వేసిన లెక్కకు సరిగ్గా సరిపోతోంది. ధాన్యం కోసం కట్టిన అటక మామూలు సామాన్ల అటక కంటే గట్టిదే. అది మంచి గుర్తు. అయితే రెండు తేడాలున్నాయి. తెలిసినవాళ్ళు బస్తాలను గోడల వారన పేర్చేవారు, మధ్య బాట ఖాళీ ఉంచేవారు. మనిషి మధ్యలోనే నడుస్తాడు, పిల్లలు మధ్యలోనే గెంతుతారు. రెండోది, అప్పటి దూలానికి ఇప్పుడు ఇంకో అరవై ఏళ్ళు వచ్చాయి. కట్టె బరువు కింద ఏళ్ళ తరబడి ఉంటే మెల్లగా వంగుతూనే ఉంటుంది, ఆ వంపు తిరిగి సరికాదు.

ఆ వంపు ఎంతో మీరే కొలవవచ్చు. దూలం అడుగున ఒక చివర నుంచి ఇంకో చివరకు దారం బిగించి కట్టండి. వంగిన దూలమైతే నడుము దారాన్ని కిందికి నెడుతుంది. అప్పుడు రెండు చివర్లా ఒకే మందం చెక్కముక్కలు పెట్టి దారాన్ని కిందికి దించి, నడుము దగ్గర ఎంత తగ్గిందో చూడండి. పన్నెండు అడుగుల దూలం అర అంగుళం వంగితే కంగారు లేదు. అటక ఖాళీగా ఉన్నప్పుడే అంగుళం దాటి వంగి ఉంటే దాని మీద కొత్త బరువు వద్దు.

ఇంకొక విషయం తెలిసి ఉంటే వడ్రంగి చెప్పేది అర్థమవుతుంది. కట్టె వంగకుండా నిలబడే గుణం దాని వెడల్పు కంటే నిలువు మీద చాలా ఎక్కువ ఆధారపడుతుంది. నిలువు రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. అందుకే నాలుగంగుళాల నిలువున్న పాత అడ్డ కట్టెల పక్కన అవే నాలుగంగుళాల కట్టెలు ఇంకో వరస వేయడం కన్నా, ఎనిమిది అంగుళాల నిలువున్నవి తక్కువ వేయడం మేలు. కాకపోతే ఆ అంగుళాలు మళ్ళీ మీ ఎత్తులోంచే పోతాయి. ఎత్తూ బలమూ ఒకదాన్నొకటి తినే లెక్క ఇది.

దూలం చివర గోడలో దాక్కుంటుంది

దూలం నడుము అందరికీ కనిపిస్తుంది. అది పాడయ్యేది మాత్రం గోడలోకి దూరిన చివర. పర్లాకిమిడిలో ఒక ఇంట్లో చూశాను. సాల దూలం, ఆకుపచ్చ పెయింట్, కింద నుంచి చూస్తే ఒక్క పగులు లేదు. గోడను ఆనుకున్న చోట స్క్రూడ్రైవర్ పెట్టి అరచేత్తో నొక్కితే పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే కాఫీపొడి రంగు పొడి రాలింది. పెయింట్ తొడుగులా నిలబడి ఉంది తప్ప లోపల కట్టె లేదు. కారణం ఆ ఇంట్లోదీ కాదు. పక్కింటి కప్పు నీళ్ళు రెండు కప్పులూ కలిసే కాలువలో నిలిచి, ఏళ్ళ తరబడి ఉమ్మడి గోడలోకి ఇంకుతున్నాయి.

ఉమ్మడి గోడల వీధుల్లో ఇది పెద్ద సమస్య. మీ దూలం చివర తడుస్తోందో లేదో మీ ఇంట్లో తెలియదు. కాబట్టి ప్రతి దూలాన్నీ రెండు చివరలా పొడిచి చూడాలి. సుత్తితో తట్టితే గట్టి కట్టె ఖంగుమంటుంది, చెద తిన్నది బోలుగా మోగుతుంది. తాటి దూలమైతే మరీ జాగ్రత్త. దాని బలమంతా పై నల్ల భాగంలోనే ఉంటుంది, లోపల మెత్తన. పైకి ఇనుములా ఉంటూనే లోపల ఖాళీ అయిపోగలదు.

తర్వాత గోడ. మన పాత ఇళ్ళ గోడలు పదిహేను, పద్దెనిమిది అంగుళాల మందం ఉంటాయి కాబట్టి ఎంతైనా మోస్తాయనుకుంటాం. మందం కంటే ఇటుకల మధ్య ఏముందన్నది ముఖ్యం. ఎక్కడైనా మూల పూత కొంచెం గీకి, ఇటుకల సందులో తాళంచెవితో గీయండి. సున్నమైతే గీత పడుతుంది, పొడి పెద్దగా రాలదు. మట్టి అడుసైతే ధారగా రాలుతుంది. మట్టి అడుసు గోడ పరుచుకున్న బరువును బాగానే మోస్తుంది. ఒకేచోట గుచ్చుకున్న బరువును మాత్రం మోయలేదు. కొత్త దూలం చివర నేరుగా అలాంటి గోడలో పెడితే కింద ఇటుకలు మెల్లగా నలుగుతాయి. తప్పనిసరైతే దూలం కింద కాంక్రీట్ దిమ్మె వేసి బరువును రెండడుగుల మేర పరచాలి.

ఆ గోడ మీ ఒక్కరిది కాకపోతే? పక్కింటివాళ్ళ దూలాలు కూడా అవతలి నుంచి అదే గోడలోకి వచ్చి ఉంటాయి. కొన్నిచోట్ల రెండిళ్ళ దూలాలు ఒకే కన్నంలో ఎదురెదురుగా కూర్చుంటాయి. మీరు మీ వైపు కన్నం పెద్దది చేస్తే అవతల దూలం కదులుతుంది. కాబట్టి పని మొదలుపెట్టక ముందే వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని, మీరు చేయబోయేది బొమ్మ గీసి చూపించి, ఒప్పుకోలు కాగితం మీద రాయించుకోండి. "పక్కింటి పిన్నిగారే కదా, ఏమంటారులే" అని మొదలుపెట్టిన పనులు కోర్టు దాకా వెళ్ళాయి. అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలని ఇల్లయితే ముందు ఆ సంతకాలు.

అక్టోబరు రాత్రులు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటిన గాలి. గంజాం జిల్లాలో పెంకు ఎలా లేచిపోయిందో ఆ తెల్లవారి చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది, పర్లాకిమిడితో సహా గజపతి జిల్లా అంతా దెబ్బతింది. అటక మీద గది గురించి ఆలోచించేటప్పుడు ఈ రెండు తేదీలూ బల్ల మీద ఉండాలి.

గాలి కప్పును పైనుంచి నొక్కదు, పైకి పీలుస్తుంది. పెంకుల మధ్య సందులుండటం వల్ల లోపలి గాలి ఒత్తిడి కొంత బయటికి పోతుంది. ఒక పక్కన ఆనుకుని ఇల్లు లేనివాళ్ళు అటక గదికి వెలుతురు కోసం ఆ వైపు ముక్కోణపు గోడలో కిటికీ పెడతారు. తుఫానులో ఆ కిటికీ ఒక్కటి పగిలితే గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి నెడుతుంది, పైనుంచి పీలుపు ఎలాగూ ఉంది. రెండూ కలిస్తే పెంకుతో పాటు వాసాలూ లేస్తాయి. అదీగాక ఆ ముక్కోణపు గోడకు పైన పట్టు లేదు, ఇంట్లో అన్నిటికన్నా బలహీనమైన గోడ అదే. దానికి పెద్ద కన్నం పెట్టడమంటే దాన్ని ఇంకా బలహీనం చేయడం. పెట్టాలంటే చిన్నది, చుట్టూ కాంక్రీట్ చట్రంతో, బయట గట్టి చెక్క తలుపులతో పెట్టాలి. వాసాలను గోడ తలకు ఇనుప పట్టీలతో బిగించాలి. అటక గది చేసినా చేయకపోయినా పెంకుటిల్లున్న ప్రతివాళ్ళూ చేయించుకోవాల్సిన పని ఇది. ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ.

మన దేశపు గాలి పటంలో గంజాం తీరం సెకనుకు 50 మీటర్ల, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగానికి లెక్కలు వేయాల్సిన మేరలో ఉంది. లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది, కాబట్టి రాయగడ వైపు ఈ టెన్షన్ కాస్త తక్కువ. తీరం దగ్గర ఉన్నవాళ్ళు మాత్రం ఒకటి ముందే ఒప్పుకోవాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. ఆ రాత్రులకు కింద చోటు ఉండేలా చూసుకోవాలి.

వేసవి సంగతి కూడా అంతే ముఖ్యం. పెంకు పల్చన, ఎండకు త్వరగా కాగుతుంది, చీకటి పడ్డాక త్వరగా చల్లారుతుంది. మిద్దె రాత్రంతా వేడి కక్కుతుంది, పెంకు కక్కదు. ఇది పెంకుకున్న గొప్ప గుణం. కానీ మే నెల మధ్యాహ్నం పెంకుకు మూడడుగుల కింద కూర్చుని పిల్ల చదువుకోలేదు. ఇన్నాళ్ళూ ఆ వేడిని అటకలోని గాలి తన దగ్గర ఆపుకుని సందుల్లోంచి బయటికి పంపుతూ వచ్చింది కాబట్టే కింది గదులు చల్లగా ఉన్నాయి. ఆ సందులన్నీ మూసి సీలింగ్ కొడితే పైనా కిందా రెండూ ఉడుకుతాయి. చేస్తే వాసాల కింద వెండి రంగు ఫాయిల్ షీట్ వేసి, షీటుకూ పెంకుకూ మధ్య కనీసం అంగుళం గాలి సందు వదిలి, ఆ సందులోకి చూరు దగ్గర గాలి వచ్చేలా, వెన్ను దగ్గర బయటికి పోయేలా దారి ఉంచాలి. ఫాయిల్‌ను గాలి సందు లేకుండా అంటిస్తే పని చేయదు.

సీలింగ్ వల్ల ఇంకో చిక్కు. మన ఊళ్ళలో కోతులు ఏడాదికి ఎన్ని పెంకులు పగలగొడతాయో అందరికీ తెలుసు. ఇప్పుడైతే చుక్క పడగానే అటకెక్కి చూసి పెంకు సర్దేస్తాం. సీలింగ్ కొట్టాక నీళ్ళు దాని వెనక వాసాల మీద నిలుస్తాయి. మనకు మరక కనిపించేసరికి వాసం సగం నాని ఉంటుంది. కాబట్టి సీలింగ్ పలకలు మేకులతో కాక, విప్పుకునేలా స్క్రూలతో బిగించమనండి.

మెట్లు తినే చోటు

నిచ్చెన వేసుకుంటాం అంటారు. రోజూ పడుకునే గదికి నిచ్చెన పనికిరాదు, ముఖ్యంగా రాత్రి బాత్రూమ్‌కి దిగాల్సినవాళ్ళకు. తొమ్మిది అడుగుల ఎత్తుకు కోడ్ ప్రకారం మెట్టు 19 సెంటీమీటర్లు దాటకుండా లేవాలంటే పదిహేను మెట్లు కావాలి. అడుగు పెట్టే చోటు 25 సెంటీమీటర్ల చొప్పున మెట్ల వరస పొడుగు దాదాపు పదకొండున్నర అడుగులు అవుతుంది (పదిహేనో అడుగు పై నేల మీదే పడుతుంది). మూడడుగుల వెడల్పుతో 35 చదరపు అడుగులు, కిందా పైనా నిలబడే చోటు కలిపితే 50 దాకా. పైన 120 వస్తుందని మురిసిపోయే ముందు కింద 50 పోతుందని రాసుకోండి. పైగా మెట్లు చేరే చోట తల తగలకూడదు కాబట్టి అవి వెన్ను కిందికే రావాలి, అంటే కింద నట్టింట్లోకి.

వంటగది పక్కనే మెట్లు పెట్టకండి. గ్యాస్ సిలిండర్ ఉన్న చోటు దాటితే తప్ప కిందికి దిగలేని గది పిల్లలకు ఇవ్వకూడదు. అటకలో ఎలకలు కొరికిన పాత వైరింగ్ మొత్తం మార్చాల్సిందే, దానిలో బేరం లేదు.

మరి చేసేదేమిటి?

ఎత్తు ఉంది, దూలాలు గట్టివి, గోడ సున్నంది అయితే, గది మొత్తం కాకుండా నడిమధ్య భాగం మాత్రమే తీసుకుని తేలికైన నేల వేయించుకోండి. టేకు, సాల కట్టెల మీద మందపాటి ప్లైవుడ్ గానీ సిమెంట్ ఫైబర్ బోర్డు గానీ చాలు. టైల్స్ వద్దు. పైన బాత్రూమ్, నీళ్ళ ట్యాంకు అసలే వద్దు. 500 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళే 500 కిలోలు, అదీ ఒకే చోట.

ఎత్తు ఉండి దూలమో గోడో నమ్మకంగా లేకపోతే ఇంకో దారి ఉంది, నాకు నచ్చిన దారి కూడా అదే. పాత గోడల మీద ఒక్క కిలో కూడా వేయకుండా, గది లోపలే నాలుగు ఇనుప స్తంభాలు సొంత పునాదుల మీద నిలబెట్టి, వాటి మీద ఐ సెక్షన్ దూలాలు, అంటే I అక్షరం ఆకారపు ఇనుప దూలాలు, వాటి మీద నేల. గోడకు అంగుళం దూరంగా ఉంటుంది. పక్కింటివాళ్ళతో తగువు లేదు, పాత దూలానికి భారం లేదు, రేపు వద్దనుకుంటే విప్పేయవచ్చు. జాగ్రత్త ఒక్కటే: పునాది గుంట పాత గోడ పునాది కంటే లోతుకు, గోడను ఆనుకుని తవ్వకూడదు. పాత ఇళ్ళ పునాదులు చాలా పైపైనే ఉంటాయి, కింద మట్టి జారితే గోడ కూర్చుంటుంది. తీరం దగ్గర ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి రెడాక్సైడ్ రెండు పూతలు, తర్వాత పెయింట్ తప్పదు.

ఎత్తే లేకపోతే అటకను అటకగానే ఉంచి, కింద గదిలో ఉన్న సామాను పైకి పంపి ఆ గది ఖాళీ చేయండి. చాలా ఇళ్ళలో గది కొరత నిజానికి బీరువాలు, ట్రంకు పెట్టెలు, పెళ్ళిళ్ళ గిన్నెల వల్ల వచ్చిందే. తేలిక సామానుకు అటక హాయిగా సరిపోతుంది.

పెంకు తీసి మిద్దె వేయడం గురించి ఒక మాట. తుఫానుకు మిద్దె ఎగిరిపోదు, ఆ ఒక్క కారణానికే అది చాలామందికి సరైన నిర్ణయం కావచ్చు. కానీ నాలుగంగుళాల స్లాబు చదరపు మీటరుకు 250 కిలోలు, పెంకు కప్పుకు దాదాపు నాలుగు రెట్లు. దాన్ని మట్టి అడుసు గోడల మీద పరిచేయడం మన వీధుల్లో కళ్ళారా చూస్తున్నాం, అది చాలా ప్రమాదం. స్లాబు వేస్తే కింద నుంచి స్తంభాలతో లేవాలి, లేకపోతే వేయకూడదు.

కాగితాలు, కాలం

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు ఇచ్ఛాపురం అటు, అంటే ఇప్పటి ఆంధ్ర వైపు, బరంపురం ఇటు అయ్యాయి. ఇళ్ళ కట్టుబడి రెండు వైపులా ఒకటే, అనుమతుల రూల్స్ మాత్రం వేరు. శ్రీకాకుళంలో ఉన్న బావగారు "మాకేం అడగలేదు" అన్నది ఇక్కడ చెల్లదు. బరంపురం వంటి డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో ఒడిశా డెవలప్‌మెంట్ అథారిటీస్ (ప్లానింగ్ అండ్ బిల్డింగ్ స్టాండర్డ్స్) రూల్స్, 2020 వర్తిస్తాయి. మిగతా చోట్ల మీ మున్సిపాలిటీనే అడగాలి. జాతీయ కోడ్ ప్రకారం పెంకు మార్చడం, పూత, సున్నం, ఫాల్స్ సీలింగ్ వంటివాటికి పర్మిషన్ అక్కర్లేదు. నివాసపు చోటు పెంచడం, దూలాలూ గోడలూ మార్చడం ఆ లెక్కలోకి రావు. హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను) రసీదు, పట్టా, చిన్న ప్లాను పట్టుకుని ముందే ఒకసారి వెళ్ళి అడిగి, చెప్పింది రాయించుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు, బ్యాంకు లోను పెట్టేటప్పుడు ఆ కాగితం అవసరం పడుతుంది.

స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఒక్క పూట ఫీజు ఇచ్చి పిలిపించండి. ఆయన్ని "గది చేయవచ్చా?" అని అడగకండి. ఈ దూలం ఇప్పుడు ఏం మోస్తోంది, ఇంకెంత మోయగలదు, గోడ ఏ అడుసుది, దీన్ని సంతకంతో రాసిస్తారా అని అడగండి. రాసిచ్చిన అంకె, కొత్త నేల బరువు పోను, చదరపు మీటరుకు 200 కిలోల కంటే తక్కువ ఉంటే పాత దూలాల మీద గది మాట వదిలేయండి.

అన్నీ కుదిరి చేయాలనుకుంటే పెంకు దించే పని డిసెంబరులో మొదలుపెట్టి మార్చి లోపు ముగించేలా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలులు, వడగళ్ళు వస్తాయి. జూన్ నుంచి వానలు, తర్వాత నవంబరు దాకా తుఫాన్ల భయం. దసరాలోపు అయిపోతుందని ఆగస్టులో కప్పు విప్పుదామనే మేస్త్రికి అడ్వాన్స్ ఇవ్వకండి.